మొద్దు వదిలింది, మరి మందు?

ఈ నెల మీ ఉత్తరాల్లో ఎక్కువ భాగం మత్తు ఇంజక్షన్ల గురించే. మనిషిని పూర్తిగా నిద్రపుచ్చే మత్తు కాదు. పన్ను పీకడానికో, కుట్లు వేయడానికో, చిన్న ఆపరేషన్‌కో ఒక్క చోటును మాత్రమే మొద్దుబరిచే లోకల్ మత్తు. ఏళ్ళ తరబడి నేను చేస్తున్న పనే అది కాబట్టి ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: కింది దవడ పన్ను పీకించుకున్నాను. మధ్యాహ్నం ఇంజక్షన్ ఇస్తే సాయంత్రం దాకా పెదవి, నాలుకలో సగం తిమ్మిరిగానే ఉన్నాయి. మందు త్వరగా బయటికి పోవాలని చాలా నీళ్ళు తాగాను. ఇప్పుడు తిమ్మిరి లేదు. మందు పూర్తిగా పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. తిమ్మిరి వదిలేసరికి మందు మీ నరాన్ని వదిలింది, అంతే. ఒంట్లోంచి ఇంకా పోలేదు. చెత్త గుమ్మం దాటినంత మాత్రాన ఊరు దాటినట్టు కాదు కదా, ఇదీ అంతే. మిగతా ఉత్తరాల్లోని అనుమానాలు కూడా చాలావరకు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మీకు ఇచ్చింది బహుశా లిగ్నోకెయిన్. ఇది నరం లోపలికి దిగి, సోడియం వచ్చిపోయే సన్నని దారుల్ని లోపలి వైపు నుంచి మూసేస్తుంది. దాంతో నొప్పి కబురు మెదడు దాకా వెళ్ళదు. అయితే అక్కడ ఉన్నంతసేపూ ఆ మందు విరగదు, కరగదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైములు చిగుళ్ళలో గానీ నరాల్లో గానీ లెక్కలోకి తీసుకునేంత లేవు. పక్కనున్న సన్నటి రక్తనాళాలు దాన్ని కొంచెం కొంచెంగా లాక్కుపోతాయి. నరం దగ్గర మందు పలచబడేకొద్దీ తిమ్మిరి వదులుతుంది.

అందుకే పళ్ళ డాక్టర్లు వాడే మందులో చాలాసార్లు అడ్రినలిన్ కలిసి ఉంటుంది, 80,000 పాళ్ళకు ఒక పాలు. సూది దిగిన కాసేపటికి ఆ చోట చిగురు తెల్లగా పాలిపోతుంది. అడ్రినలిన్ రక్తనాళాల్ని బిగించిందని దాని అర్థం. రక్తం తక్కువగా పారితే మందు ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. అడ్రినలిన్ లేకుండా ఇస్తే లిగ్నోకెయిన్ తానే రక్తనాళాల్ని వదులు చేస్తుంది కాబట్టి తొందరగా కొట్టుకుపోతుంది. కొన్ని దేశాల్లో తిమ్మిరి త్వరగా పోవడానికి ఫెంటోలమిన్ అనే ఇంజక్షన్ కూడా ఇస్తారు. అది మత్తుమందును ముట్టుకోదు, బిగుసుకున్న రక్తనాళాల్ని తెరుస్తుంది, అంతే. తిమ్మిరి త్వరగా వదిలిపోతుంది.

రక్తంలో కలిశాక అసలు పని మొదలవుతుంది. గుండె నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినప్పుడు అవి కొంత మందును పట్టి ఉంచుకుని మెల్లగా వదులుతాయి. అందువల్ల గుండెకు, మెదడుకు ఒక్కసారిగా పెద్ద మోతాదు తగలదు. ఆ తర్వాత కాలేయం. అక్కడ సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం ఉంది. వాటిలో 1ఏ2, 3ఏ4 అనేవి లిగ్నోకెయిన్ తోక నుంచి ముందు ఒక చిన్న ముక్కను, తర్వాత ఇంకో ముక్కను కత్తిరిస్తాయి. ఆపైన మందు అణువు రెండు కొనల్నీ కలిపే నడుమ బంధం తెగుతుంది. మిగిలిన ముక్కకు ఆక్సిజన్ తగిలించి, నీళ్ళలో తేలిగ్గా కరిగేలా చేసి మూత్రంలోకి పంపుతుంది కాలేయం. ఇచ్చిన మందులో సుమారు 70 శాతం ఈ చివరి రూపంలోనే మూత్రంలో కనిపిస్తుంది. ఏ మార్పూ లేకుండా లిగ్నోకెయిన్‌గానే బయటికి వచ్చేది 10 శాతం కన్నా తక్కువ.

నీళ్ళ సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. మూత్రపిండాలు మోసుకుపోయేది కాలేయం విరగ్గొట్టి ఇచ్చిన ముక్కల్ని. ఎన్ని నీళ్ళు తాగినా కాలేయం తన వేగంతోనే పని చేస్తుంది. నీళ్ళ వల్ల నష్టమేమీ లేదు. కానీ తిమ్మిరి నోటితో వేడివేడిగా ఏదైనా తాగితే కాలినా తెలియదు. పిల్లలైతే తిమ్మిరిగా ఉన్న పెదవిని సరదాకి కొరుక్కుని పుండు చేసుకుంటారు. తిమ్మిరి పోయేదాకా వాళ్ళ నోటి మీద ఒక కన్నేసి ఉంచండి.

రక్తంలో లిగ్నోకెయిన్ సగానికి తగ్గడానికి ఆరోగ్యవంతులకు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఆ సగంలో సగం పోవడానికి మళ్ళీ అంతే. చిగుళ్ళలోంచి మందు మెల్లగా దిగుతూనే ఉంటుంది కాబట్టి మొత్తం లెక్క ఇంకొంచెం సాగుతుంది. మర్నాటికి మీ రక్తంలో చెప్పుకోదగ్గదేమీ మిగలదు. పళ్ళ డాక్టరు వాడే చిన్న గొట్టంలో 1.8 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. 2 శాతం మందు అంటే 36 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అడ్రినలిన్‌తో కలిపి సుమారు 420 మిల్లీగ్రాముల దాకా ఇవ్వవచ్చని సాధారణ లెక్క. మీరు భయపడాల్సిందేమీ లేదు.

ఇంకో సంగతి. ఆర్టికెయిన్ అనే మరో లోకల్ మత్తుమందును రక్తంలోని ఎంజైములే చకచకా విరగ్గొడతాయి. అది రక్తంలో సగానికి తగ్గడానికి గంట కూడా పట్టదు. అయినా దానితో పెదవి మూడు నాలుగు గంటలు తిమ్మిరిగానే ఉంటుంది. నరం దగ్గర ఉన్నది ఇంకా రక్తంలోకి చేరకపోవడమే కారణం.

ప్రశ్న: నాకు మత్తు ఎక్కదు. పన్ను వాచి చీము పట్టినప్పుడు రెండుసార్లు ఇంజక్షన్ ఇచ్చినా నొప్పి తెలుస్తూనే ఉంది. నా ఒళ్ళు మందును చాలా త్వరగా అరిగించేస్తోందా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ కాలేయానికీ దీనికీ సంబంధం లేదు. మందు కాలేయం దాకా వెళ్ళకముందే, పన్ను దగ్గరే చిక్కు వచ్చింది. లిగ్నోకెయిన్ రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం లేని రూపం ఒక్కటే నరం పొరను దాటి లోపలికి వెళ్ళగలదు. మామూలు కణజాలంలో అది నాలుగో వంతు ఉంటుంది. చీము పట్టిన చోట ఆమ్లం పెరుగుతుంది, దాంతో ఆ నాలుగో వంతు కూడా బాగా తగ్గిపోతుంది. మందు పోశారు గానీ లోపలికి దిగలేదు. పైగా వాచిన చోట రక్తం ఎక్కువగా పారుతుంది, ఆ కొంచెమూ త్వరగా కొట్టుకుపోతుంది.

ఇలాంటప్పుడు వాపుకు దూరంగా, నరం మొదట్లో ఇంజక్షన్ ఇస్తే చాలామందికి పని చేస్తుంది. లేదా ముందు చీము తీసి, వాపు తగ్గాక పన్ను సంగతి చూస్తారు. ‘పట్టలేదు, ఇంకోటి వేయండి’ అని మీరు అడిగినప్పుడు డాక్టరు తటపటాయిస్తే విసుక్కోవద్దు. మొదటి ఇంజక్షన్ నొప్పిని ఆపకపోయినా అందులోని మందంతా మీ ఒంట్లోనే ఉంది. రెండోది దానికి తోడవుతుంది. డాక్టరు లెక్కపెట్టేది మొత్తాన్ని.

ప్రశ్న: మా నాన్నగారికి కాలేయం గట్టిపడిపోయింది, సిర్రోసిస్ అన్నారు. ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటున్నారు. ఇప్పుడు గజ్జల్లో హెర్నియాకి లోకల్ మత్తుతో ఆపరేషన్ చేస్తామంటున్నారు. మందును కాలేయమే విరగ్గొడుతుందని విన్నాక మాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: మీ టెన్షన్‌లో అర్థం ఉంది. కానీ భయపడి ఆపరేషన్ మానుకోవాల్సినంత కారణం లేదు.

లిగ్నోకెయిన్ విషయంలో కాలేయం చాలా చురుగ్గా ఉంటుంది. తనలోంచి వెళ్ళే రక్తంలోని లిగ్నోకెయిన్‌లో దాదాపు మూడింట రెండు వంతుల్ని ఒక్క చుట్టులోనే లాగేస్తుంది. కాబట్టి మందు ఎంత వేగంగా పోతుందన్నది కాలేయానికి నిమిషానికి ఎంత రక్తం అందుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. సిర్రోసిస్‌లో గట్టిపడ్డ కాలేయాన్ని తప్పించుకుని రక్తం పక్కదారుల్లో పోతుంది, పని చేసే కణాలూ తగ్గుతాయి. మామూలుగా గంటన్నర, రెండు గంటల్లో సగానికి తగ్గే మందు వీళ్ళలో అంతకు రెట్టింపు సమయమో, ఇంకా ఎక్కువో తీసుకుంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలోనూ ఇదే జరుగుతుంది. వాళ్ళ కాలేయం బాగానే ఉన్నా దానికి అందే రక్తం తక్కువ.

ప్రొప్రనొలాల్ కాలేయానికి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లకుండా ఉండటానికే మీ నాన్నగారికి అది ఇచ్చి ఉంటారు. అదే మాత్ర లిగ్నోకెయిన్ పోవడాన్ని కూడా నిదానింపజేస్తుంది. అయినా దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. మత్తు డాక్టరుకు మాత్రం ముందే చెప్పండి. ఆ మాత్రతో పాటు వాడుతున్న మందులన్నీ కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. ఎసిడిటీకి వాడే సిమెటిడిన్, మానసిక సమస్యలకు వాడే ఫ్లువాక్సమిన్ కూడా ఈ మత్తుమందు విరగడాన్ని నెమ్మది చేస్తాయి.

మీకు ధైర్యాన్నిచ్చే మాట ఒకటుంది. ఒక్కసారి ఇచ్చే ఇంజక్షన్ తర్వాత రక్తంలో మందు ఎంత ఎత్తుకు చేరుతుందన్నది ముఖ్యంగా ఎంత ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు అన్నవాటి మీదే ఉంటుంది. పక్కటెముకల మధ్య ఇచ్చింది రక్తంలోకి చాలా వేగంగా చేరుతుంది, చర్మం కింద ఇచ్చింది నెమ్మదిగా. కాలేయం బలహీనత ఆ తర్వాత బయటపడుతుంది. మళ్ళీ మళ్ళీ ఇచ్చినప్పుడు, లేదా సన్నటి గొట్టం ద్వారా గంటల తరబడి ఎక్కిస్తున్నప్పుడు పాతది పోకుండానే కొత్తది చేరి పోగుపడుతుంది. మీ నాన్నగారి విషయంలో నేనైతే మొదటి మోతాదు కన్నా రెండో మోతాదు గురించి ఎక్కువ జాగ్రత్తపడతాను. బుపివకెయిన్ అనే మరో లోకల్ మత్తుమందు వాడితే ఇంకా జాగ్రత్త. అది సగానికి తగ్గడానికి ఆరోగ్యవంతులకే రెండున్నర, మూడు గంటలు పడుతుంది. మోతాదు మించితే గుండె మీద దెబ్బ కొట్టేదీ అదే.

ఇలాంటివాళ్ళకు ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు నేను సూది దింపాక పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగి చూస్తాను, రక్తం రాకపోతేనే ముందుకు. కొంచెం ఇచ్చి ఆగుతాను. ‘నాలుక తిమ్మిరెక్కుతోందా? నోట్లో ఇనుము రుచి తగులుతోందా? చెవుల్లో గుయ్యిమంటోందా?’ అని అడుగుతూనే ఉంటాను. రక్తంలో మందు ఎక్కువైనప్పుడు చాలామందిలో మొదట కనిపించేవి అవే. ఫిట్స్ రావడానికి ముందు మనకు దొరికే హెచ్చరిక అది. మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, అలా అనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే చెప్పమనండి. ‘డాక్టరు గారు పనిలో ఉన్నారు కదా’ అని పంటి బిగువున ఓర్చుకునే పెద్దవాళ్ళను చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళు నోరు విప్పితేనే నాకు తెలిసేది.

అటువంటి ఆపదకు విరుగుడు ఉంది. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే తెల్లటి కొవ్వు ద్రావణాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అది మందును పట్టుకుని గుండె, మెదడు నుంచి దూరంగా కాలేయం, కండరాల వైపు లాక్కుపోతుంది. 1998లో అమెరికా మత్తు డాక్టరు గై వైన్‌బర్గ్ బృందం ఎలుకల మీద దీని ప్రభావాన్ని చూపించింది, 2006లో మనిషి ప్రాణం నిలిపిన మొదటి ఉదంతం వైద్య పత్రికలో వచ్చింది. ఆపరేషన్ చేసేచోట అది అందుబాటులో ఉందా అని మీరు అడగవచ్చు. అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: నేను డయాలసిస్ మీద ఉన్నాను. పన్నుకు ఇంజక్షన్ వేయించుకోవచ్చా? మందు బయటికి ఎలా పోతుంది?
— ఒక పాఠకుడు

జవాబు: వేయించుకోవచ్చు. లిగ్నోకెయిన్‌ను విరగ్గొట్టేది కాలేయం, అది మీకు బాగానే ఉంటే పని జరిగిపోతుంది. విరిగిన ముక్కలే మీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. వాటిలో ఒకదానికి కొద్దిగా మందు గుణం ఉంటుంది. గంటల కొద్దీ ఎక్కిస్తేనే దాని గురించి ఆలోచించాలి, పన్నుకిచ్చే ఒకటి రెండు ఇంజక్షన్లకు కాదు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి పన్ను పీకించుకునే రోజు ఏదైతే మంచిదో మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అక్కకు ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయింది. వెంటిలేటర్ మీద ఉంచారు. రక్తంలో ఏదో ఎంజైము లోపం అన్నారు. నాకూ ఉంటే పన్నుకిచ్చే మత్తు కూడా ప్రమాదమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ఆ ఎంజైము పేరు సూడోకోలినెస్టరేజ్. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కండరాలను కాసేపు వదులు చేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను అదే విరగ్గొట్టాలి. మీ అక్కగారికి అది సరిగా లేనందువల్ల నిమిషాల్లో పోవాల్సిన మందు గంటలు నిలిచింది.

లోకల్ మత్తుమందుల్లో రెండు కుటుంబాలున్నాయి. మందు అణువు నడుమ బంధం ఎస్టర్ అనే రకమైతే రక్తంలోని ఈ ఎంజైమే దాన్ని విరగ్గొడుతుంది. అమైడ్ అనే రకమైతే కాలేయమే విరగ్గొట్టాలి. 1905లో వాడుకలోకి వచ్చిన ప్రొకెయిన్ ఎస్టర్. క్లోరోప్రొకెయిన్ కూడా అంతే, ఆరోగ్యవంతుల రక్తంలో సగానికి తగ్గడానికి దానికి నిమిషం కూడా పట్టదు. అయినా వెన్నులో ఇస్తే నడుం కింది భాగాన్ని గంటసేపు మొద్దుబరుస్తుంది. వెన్ను చుట్టూ ఉండే ద్రవంలో ఈ ఎంజైము దాదాపు లేదు, మందు అక్కడి నుంచి రక్తంలోకి చేరాకే విరుగుతుంది.

ఎస్టర్లు విరిగినప్పుడు పాబా అనే పదార్థం పుడుతుంది. కొందరికి దాంతో ఎలర్జీ వస్తుంది. 1943లో స్వీడన్‌లో రసాయన శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్‌ను తయారుచేశాక వాటి వాడకం తగ్గిపోయింది. ఇవాళ పన్నుకు ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. అది అమైడ్ కాబట్టి మీ అక్కగారి లోపం దాన్ని తాకదు. మీరు నిశ్చింతగా వేయించుకోవచ్చు. ఆర్టికెయిన్ పేరుకు అమైడే అయినా పక్కన ఒక ఎస్టర్ కొమ్మ ఉంది, రక్తంలో విరిగేది అక్కడే. అందుకని డాక్టరుకు ముందు చెబితే లిగ్నోకెయిన్‌తో సరిపెడతారు.

ఆ ఎంజైము పరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకోండి, పన్ను కోసం కాదు, ఎప్పుడైనా పెద్ద ఆపరేషన్ అవసరమైతే అని. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే మీ అక్కగారిలా అవుతుంది. మీ తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క లోపపు జన్యువు ఉండి ఉంటే, మీకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పరీక్షలో డైబుకెయిన్ అనే మందు వాడతారు, అదీ ఒక లోకల్ మత్తుమందే. ఆరోగ్యకరమైన ఎంజైమును అది 80 శాతం దాకా అణచివేస్తుంది, లోపమున్న దాన్ని 20 శాతం మాత్రమే. ఫలితం కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా ముందు అదే చూపించండి.

ప్రశ్న: రెండు నెలల పాపకు టీకా ముందు నొప్పి తెలియకుండా మత్తు క్రీము రాయమన్నారు. ఎక్కువ రాస్తే బాగా పని చేస్తుందని తొడంతా పూసి ప్లాస్టిక్ చుట్టాలనుకుంటున్నాను. సరేనా?
— ఒక తల్లి

జవాబు: వద్దు తల్లీ, దయచేసి అలా చేయకండి. ఆ క్రీములో లిగ్నోకెయిన్‌తో పాటు ప్రిలోకెయిన్ ఉంటుంది. అది విరిగినప్పుడు ఆర్థోటొలుయిడిన్ పుడుతుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది, అది ఆక్సిజన్‌ను మోయలేదు. పెద్దవాళ్ళలో ఆ మార్పును వెంటనే సరిచేసే ఎంజైము ఉంటుంది. పసిపిల్లల్లో అదింకా పూర్తిగా ఎదగదు. చర్మం పలచన, బరువు తక్కువ. మనకు లెక్కలోకి రానిది వాళ్ళకు ఎక్కువైపోతుంది.

మూడు నెలల లోపు బిడ్డకు ఒక గ్రాము క్రీము మించకూడదు, 10 చదరపు సెంటీమీటర్ల చోటు మించకూడదు, గంట దాటి ఉంచకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే, లేక సల్ఫా మందులేవైనా ఇస్తుంటే, పిల్లల డాక్టరును అడగకుండా అసలు రాయవద్దు. క్రీము తుడిచేసిన కొన్ని గంటల తర్వాత కూడా గమనించండి. తొడ మీద స్పర్శ వచ్చేసినా విరిగిన ముక్కల పని అప్పుడే మొదలై ఉండొచ్చు. పెదవులు నీలంగా, బూడిద రంగుగా మారినా, పాలు తాగకుండా నీరసపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ‘మత్తు క్రీము రాశాం, ఇన్ని గంటలైంది’ అని మొదటే చెప్పండి. మామూలు ఆక్సిజన్‌తో ఆ రంగు మారదు. మిథిలీన్ బ్లూ అనే విరుగుడు ఉంది, డాక్టర్లు చూసి ఇస్తారు. పళ్ళు వచ్చేటప్పుడు చిగుళ్ళకు రాసే బెంజోకెయిన్ జెల్‌తోనూ ఇదే ప్రమాదం. రెండేళ్ళ లోపు పిల్లలకు అది అసలు వాడవద్దు.

ప్రశ్న: బిడ్డకు పాలిస్తున్నాను. చేతికి కుట్లు వేయడానికి లిగ్నోకెయిన్ ఇచ్చారు. ఎన్ని గంటలు పాలు పిండి పారబోయాలి?
— మరో తల్లి

జవాబు: ఒక్క చుక్క కూడా పారబోయనక్కర్లేదు. పాలలోకి వచ్చేది చాలా తక్కువ. అది కూడా బిడ్డ కడుపులోంచి ముందు కాలేయంలోకే వెళ్ళి చాలావరకు అక్కడే విరిగిపోతుంది. చెయ్యి తిమ్మిరి తగ్గేదాకా బిడ్డను ఎత్తుకునేటప్పుడు ఎవరినైనా పక్కన ఉండమనండి. పాలు మాత్రం ఎప్పటిలాగే పట్టండి.